ఇరువదినాలుగవ వంతు

మా యింటి నడవలో కిటికీ ప్రక్కన ఒక పాత బల్ల యున్నది. ముప్పదియేండ్లకు పైగా నేను పరీక్షపత్రములు దిద్దిన బల్ల అది. దానిపై ఎఱ్ఱసిరా మరకలు ఇంకను మాసిపోలేదు. ఇప్పుడా బల్లపై పత్రములు లేవు. ఆకురాయి, ఉప్పుకాగితము, చిన్న రంపము, నాలుగు కుంచెలు, జిగురుసీసా ఉన్నవి. వాని నడుమ జానెడైనను లేని ఒక కారు ఉన్నది. దాని చక్రములలో మూడే బిగింపబడినవి. నాలుగవది ఇంకను సిద్ధము కాలేదు.

అరువది దాటినవాడు, అందునను ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసి బెత్తము పట్టినవాడు, బొమ్మకారు చేయుచు కూర్చుండుట మా వీథివారికి మొదట వింతగా తోచెను. “అయ్యవారికి మరల బాల్యము వచ్చినది” అని ఒకరిద్దరు నవ్విరి. నేను వారికి బదులు చెప్పలేదు. చెప్పవలెనన్నచో తిరుమల మెట్ల నుండి మొదలుపెట్టవలెను.

అలిపిరి నుండి తిరుమలకు 3,550 మెట్లు. ఉద్యోగములో చేరిన నాటి నుండి ఏటేట ఆ మెట్లను కాలినడకన ఎక్కుట మాకు వాడుక. 2022 డిసెంబరులో గాలిగోపురమునకు కొంత దిగువన నా ఱొమ్ము నడుమ ఏదో బిగించి పట్టినట్లయ్యెను. బరువైన రాతిని ఎవరో మెల్లగా ఆనించినట్లుండెను. నేను మెట్టుపై కూర్చుంటిని. నా అర్ధాంగి కంగారుపడి “ఏమండీ, ఏమైనది?” అని అడిగెను. “కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నది” అంటిని. ఆమె నా పాదమును తన ఒడిలో పెట్టుకొని, కొంగుతో దుమ్ము తుడిచి, ఎంతోసేపు ముల్లు వెదకినది. ఉన్నగదా దొరకుట!

ఆ దినము ఎట్లో కొండ యెక్కితిని. మోకాళ్లపర్వతము వద్ద చెమటతో చొక్కా తడిసిపోయెను. దిగివచ్చిన తరువాత మూడువారములు సోడా త్రాగితిని, వాము నమిలితిని, వాయువని నన్ను నేనే నమ్మించుకొంటిని. నాలుగవ వారమున ఒక తెల్లవారుజామున నొప్పి ఎడమచేతికి, దవడకు ప్రాకినది. ఇక దాచుటకు వీలులేకపోయెను. ఆసుపత్రిలో గుండె కండరమునకు నెత్తురు నందించు ముఖ్యమైన నాళము నూటికి తొంబదిపాళ్లు మూసికొనిపోయినదని తేల్చిరి. నా కుడి మణికట్టులోని నాళము గుండా సన్నని గొట్టమును పోనిచ్చి, మూసికొన్న చోటును బుడగతో తెరచి, అచ్చట లోహపు జాలెగొట్టము నొకదానిని నిలిపిరి. దానిని స్టెంటు అందురు. వెడల్పు 3 మిల్లీమీటర్లు, పొడవు 28.

ఎందులకు దాచితివని డాక్టరుగారు అడిగిరి. నేను సమాధానము చెప్పలేకపోయితిని. తెలియక దాచియుండిన ఒక మాట. నాకు తెలియును.

మా నాయన టాక్సీ డ్రైవరు. 1944లో తెరచిన మొదటి ఘాట్‌రోడ్డుపై తిరుపతి, తిరుమలల నడుమ యాత్రికులను చేరవేయుచుండెడివాడు. కారు ఆయనది కాదు, యజమానిది. ఆయనకును ఱొమ్ములో పట్టినట్లుండెడిది. వాయువని జీలకఱ్ఱ నమలెడివాడు. గుండెజబ్బని తెలిసినచో యజమాని కారు చేతికీయడని ఆయన భయము. 1976లో, ఏబదియొకటవ యేట, ఒక రాత్రి భోజనము చేసి పండుకొని మరల లేవలేదు. అప్పటికి నాకు పదునేడేండ్లు. ఆయన జేబులో మా అమ్మకు దొరకినవి జీలకఱ్ఱ పొట్లము, యజమానికి మరునాడు ఈయవలసిన చిల్లర. ఇంతయు ఎఱిగియుండి, పాఠము కంఠతా వచ్చిన విద్యార్థి పరీక్షలో తప్పు వ్రాసినట్లు, నేనును ఆయన చేసినదే చేసితిని.

ఇంటికి వచ్చిన తరువాత ఒక నెల గడచినది. ఆ నెలను తలచుకొన్న నాకు సిగ్గగును. రాత్రులు నిద్ర పట్టెడిది కాదు. తలగడకు చెవి ఆన్చినచో గుండె చప్పుడు వినబడును. దానిని లెక్కించుచు మేలుకొని యుంటిని. మనిషి గుండె దినమునకు దాదాపు లక్షసార్లు కొట్టుకొనును. అందులో ఏ ఒక్కటియు తప్పిపోకుండ కాపలా కాయవలెనని నా ఆరాటము. పగలు చీటికిమాటికి ఇంటివారిపై కోపము. ఊరగాయ లేని సంకటి, ఉప్పు తగ్గిన పులుసు, అన్నిటికిని నా భార్యయే అపరాధిని. పాపము, ఆమె తానును ఉప్పులేని కూడే తినుచుండెనని నేను చాలనాళ్లకు గాని గమనింపలేదు.

రెండవసారి పరీక్షకు పోయినపుడు డాక్టరుగారిట్లనిరి: “అయ్యవారూ, మీ గుండె కుదుటబడుచున్నది. మీరు మాత్రము దానికి కావలి కూర్చున్నారు. ఉదయము సాయంకాలము నడువుడు. మిగిలిన వేళ చేతులకేదైన పని చెప్పుడు.” ఆ వారమే మా మనుమని ఆటకారు చక్రము విఱిగినది. దానిని అతికించి యిచ్చితిని. వాడు దానిని నేలపై దొర్లించి చూచి, “తాతా, ముత్తాత నడిపిన కారు ఎట్లుండెను?” అని అడిగెను. మాటలతో చెప్పబోయి, చాలక, కాగితము తీసి గీచితిని. ఆ గీత వంకరపోయినది. మరల గీచితిని. ఆ రాత్రి నేను గుండెను లెక్కింపలేదు.

అది అంబాసిడరు కారు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును అనుసరించి, కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర దీనిని చేయ నారంభించిరి. 2014లో మానిరి. మా నాయన నడిపినది 1962లో వెలువడిన రెండవ రకము. దాని ముందుమోమున చిన్నచిన్న గళ్ల జాలె యుండును. నల్లని ఒడలు, పసుపు కప్పు. గేరుకఱ్ఱ స్టీరింగు ప్రక్కననే యుండుటచే ముందుసీటున ముగ్గురు కూర్చుండవచ్చును. ఖాళీగా దిగివచ్చు బేరములలో నన్నును మా తమ్మునిని ఆయన ప్రక్కన ఎక్కించుకొనెడివాడు. ప్రతి మలుపున హారను మ్రోగించు పని మా తమ్మునిది. ఎడమవైపు తలుపు కొంచెము క్రుంగియుండెడిది. దానిని కొద్దిగా పైకెత్తిన గాని మూతపడెడిది కాదు.

నిజమైన కారు పొడవు 4,325 మిల్లీమీటర్లు, ముందు వెనుక చక్రముల నడిమి దూరము 2,464. నేను ఇరువదినాలుగవ వంతును ప్రమాణముగా తీసికొంటిని. అడుగునకు అరయంగుళమను లెక్క యిది. లోకమున నమూనా కార్లు చేయువారిలో పలువురకు ఇది పరిచితమైన కొలత. ఈ లెక్కను నా కారు పొడవు 180 మిల్లీమీటర్లు, చక్రముల దూరము 103. విద్యార్థులారా, ఇచ్చట మీరొక చిక్కును గమనింపవలెను. పొడవు 24వ వంతైనచో పైవైశాల్యము 576వ వంతగును, ఘనపరిమాణము 13,824వ వంతగును. సుమారు 1,100 కిలోల అసలు కారును అదే లోహముతో ఇంత చేసినచో 80 గ్రాములే తూగవలెను. కొయ్యతో చేసిన నా కారు 130 తూగినది. లోపల ఇంకను తొలువవలసివచ్చెను. మఱి రంగుపూత యున్నదే, అది మన లెక్కకు లోబడదు. కారు చిన్నదైనంత మాత్రమున రంగు పలుచబడదు. మందముగా పూసినచో తలుపుల సందులు పూడిపోయి, గోడకు సున్నము కొట్టినట్లుండును.

ప్రమాణమను మాట మన శిల్పులకు క్రొత్తది కాదు. శ్రీకాళహస్తి సమీపమున మాధవమాల గ్రామమున కొయ్యవిగ్రహములు చెక్కువారున్నారు. అచ్చట ఒక వృద్ధశిల్పి నా కాగితమును చూచి, “మీ కారునకు తాలమేది?” అని అడిగెను. విగ్రహమునకు ముఖము పొడవు ఒక తాలము. నవతాలము, దశతాలము అని తక్కిన అవయవములన్నియు దానిని బట్టియే తేలును. నేను ఆలోచించి, చక్రమును తాలముగా పెట్టుకొంటిని. అంతకుముందు కుదరని వంపులు అప్పుడు కుదిరినవి.

కొయ్య మాత్రము కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి. ఆ వైపు బంధువులు నాలుగు ముక్కలు తెచ్చియిచ్చిరి. అది మెత్తనిది, తేలికైనది. ముక్కలను వేర్వేరుగా చెక్కి మక్కుతో అతుకుట వారి పద్ధతి. చింతగింజల పొడిని, రంపపు పొట్టును కలిపి చేసిన ముద్దయే మక్కు. కారు కప్పునకును ఒడలికిని నడుమ వచ్చిన సందులను నేను దానితోనే పూడ్చితిని. మక్కు ఆరువఱకు ముట్టరాదు. నాకేమో ఏ పనియైనను గంట కొట్టులోపల ముగియవలెను. మొదటిసారి తొందరపడి ఉప్పుకాగితము పెట్టగా కప్పంతయు ఊడివచ్చినది. ఆ దినము పనిని మూసిపెట్టి నడకకు పోయితిని.

ఇంకొక దినము జరిగినది చెప్పవలెను. గుండెకు స్టెంటు నిలిపిన తరువాత నెత్తురు గడ్డకట్టకుండ మందులిత్తురు. ముందుజాలెలోని గళ్లను బ్లేడుతో కోయుచుండగా వ్రేలు తెగెను. చిన్న గాటే. ఐనను పావుగంట గడచినను నెత్తురు ఆగలేదు. గుడ్డ తడిసినది, బల్ల తడిసినది. పాత ఎఱ్ఱసిరా మరకల ప్రక్కన క్రొత్త మరక పడినది. నా భార్య వ్రేలిని గట్టిగా అదిమి పట్టుకొని, ఏమియు అనక, నా ముఖము చూచుచు నిలిచెను. అప్పుడామెకు ముల్లు సంగతి చెప్పితిని. “నాకు ఆనాడే తెలియును” అని మాత్రము అనెను. మరునాడు కుట్టుపనిలో తాను తొడుగుకొను ఇత్తడి వ్రేలితొడుగును తెచ్చి నా బల్లపై పెట్టెను. అప్పటినుండి బ్లేడు పనిని తగ్గించి ఆకురాయిని ఆశ్రయించితిని. ఘాటైన రంగులను గూడ డాక్టరుగారు వలదనిరి. నీటితో కలియు రంగులనే వాడుచున్నాను. నలువది నిమిషములకొకసారి లేచి పెరటిలో నాలుగు చుట్లు తిరుగవలెను. గడియారమును చూచి నన్ను లేపు పని మా మనుమనిది. వాడు మా బడి బంటుకంటె కఠినుడు.

రంగు వేయునపుడు ఒక వింత గమనించితిని. కారు నడుమున సన్నని గీత గీయుటకై కుంచెను ఆనించి ఊపిరి బిగపట్టినచో కుంచెకొన మెల్లగా అదరును. మొదట అది ముసలితనపు వణకనుకొంటిని. కాదు. అది గుండె కొట్టుకొనుట. ప్రతి దెబ్బయు చేతి నాళముల వెంట వచ్చి, స్టెంటును పోనిచ్చిన ఆ మణికట్టునే దాటి, కుంచెకొనలో తేలుచున్నది. గుండె వేగమును తగ్గించుటకు నాకు బీటా బ్లాకరు మందు ఇచ్చినారు. దానివలన నిమిషమునకు ఏబదియెనిమిది దెబ్బలు మాత్రమే. రెండు దెబ్బల నడుమ ఒక క్షణకాలము నిశ్చలము. ఆ క్షణములో గీచిన గీత వంకరపోదు. తుపాకిగురి పోటీలలోను విలువిద్య పోటీలలోను ఈ మందును నిషేధించుటకు కారణము ఇదియే. పూర్వము రాత్రులు భయముతో లెక్కించిన దెబ్బలనే నేనిప్పుడు పగటివేళ, పనికై, లెక్కించుచున్నాను.

పని లేని వేళ, నాకు చేసిన చికిత్స ఎట్లు పుట్టినదో చదివితిని. ఆండ్రియాస్ గ్రూన్‌ట్‌సిగ్ అను జర్మను వైద్యుడు స్విట్జర్లాండులోని జూరిక్ నగరమున పనిచేయుచు, తన యింటి వంటగది బల్లపై సన్నని ప్లాస్టిక్ గొట్టములను జిగురుతో అతికి, రాత్రులు బుడగలను తయారుచేసెను. భార్యయు, సహాయకులును ఆయనతో కూర్చుండెడివారు. ఎన్ని బుడగలు పగిలినవో! 1977 సెప్టెంబరు 16వ తేదీన ఆయన ముప్పదియెనిమిదేండ్ల రోగి గుండెనాళమును తొలిసారిగా ఆ బుడగతో తెరచెను. స్టెంటును 1986లో మొదట అమర్చిరి. 1990లలో మన హైదరాబాదులో డాక్టరు సోమరాజుగారు, అబ్దుల్ కలాంగారితో కలిసి, చవుకలో దొరకు స్టెంటును రూపొందించిరి. 1977 అని చదివిన చోట నేను పుస్తకము మూసితిని. మా నాయన పోయినది అంతకు ముందటి యేడే. ఆ మాటను మా యింటిలో ఎవరికిని చెప్పలేదు. బల్ల వద్ద కూర్చుండి చాలసేపు ఆ చిన్న తలుపునకు ఉప్పుకాగితము పెట్టితిని. అవసరము లేకయే.

మొన్న చంద్రగిరి దగ్గరి పల్లెనుండి మా తమ్ముడు వచ్చెను. చెనిక్కాయ పైరు పనిలో మునిగియుండి, నా జబ్బు తరువాత వాడు నన్ను చూచుటకు రెండుసార్లే వచ్చినాడు. కారును అరచేతిలో పెట్టుకొని త్రిప్పి త్రిప్పి చూచెను. ఎడమవైపు తలుపును నేను కావలెననియే ఒక వెండ్రుకవాసి క్రుంగునట్లు అమర్చియుంటిని. వాడు చూపుడువ్రేలితో దానిని పైకెత్తి మూసెను. “అన్నా, నాయన ఇట్లే వేసెడివాడు” అనెను. పిమ్మట కారును బల్లపై దించి, ఆ చేతిని తీసికొనిపోయి తన ఱొమ్ముపై పెట్టుకొని ఊరకుండెను.

“ఎప్పటినుండి?” అంటిని.

“ఉగాది నుండి. బావిగట్టు ఎక్కునప్పుడు. నిలిచిన తగ్గును. ఇంటిలో చెప్పవద్దన్నా, ఊరికే భయపడుదురు.”

నేను వానితో వాదింపలేదు. లోపలికి పోయి, మరదలికి ఫోను చేసి ఉన్నది ఉన్నట్లు చెప్పి, ఫోనును వాని చేతికిచ్చితిని. వాడు నావైపు కోపముగా చూచెను. కాసేపటికి కండ్లు తుడుచుకొనుచు “ఊఁ, ఊఁ” అనుచుండెను.

ఆ రాత్రియే నాలుగవ చక్రమునకు జిగురు పెట్టితిని. తెల్లవారిన తరువాత గూడ అది ఆరలేదు. కారుపై గాజుగిన్నె బోర్లించి, మనుమనిని ముట్టవద్దని హెచ్చరించి, మేమన్నదమ్ములము ఆటోలో ఆసుపత్రికి బయలుదేరితిమి. వీథి మలుపు తిరుగునపుడు ఆటో అబ్బాయి హారను మ్రోగింపలేదు. “కొట్టవయ్యా!” అని మా తమ్ముడు ముందునకు వంగి అఱచెను.