తాతయ్యా, నువ్వే పిట్టవి?

కోతి గుండెకాయ కోసం ఆశపడిన మొసలి, సింహం తోలు కప్పుకున్న గాడిద, నోరు అదుపులో లేక కర్ర వదిలేసిన తాబేలు... ఈ కథలు తెలియని ఇల్లుండదు. అదే చిక్కు! మొదటి వాక్యం పూర్తికాకముందే పిల్లలు 'తెలుసమ్మా' అనేస్తారు. మా ఇంట్లో ఇద్దరున్నారు. రాత్రికో కథ బాకీ. ఆఫీసులో పిల్లల పేజీకి జంతువుల కథ కావాల్సినప్పుడల్లా అందరూ నావైపే చూస్తారు. కాబట్టి పాత జాతక కథని కొత్తగా ఎలా చెప్పాలన్నది నాకు రోజూ ఉండే సమస్యే.

మా పుట్టిల్లు భట్టిప్రోలు దగ్గరి పల్లె. బుద్ధుడి కథలు వెతుక్కోవడానికి ఇంతకన్నా మంచి చోటేముంటుందని, వేసవి సెలవుల్లో పిల్లల్ని స్తూపం దగ్గరికి తీసుకెళ్లాను. అడుగున 148 అడుగుల వ్యాసమున్న మహాస్తూపం ఒకప్పుడది. 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ధాతువులు దాచిన రాతి పెట్టెలు బయటపడ్డాయి. వాటి మీద క్రీస్తుపూర్వపు అక్షరాలు. కుబీరకుడనే రాజు పేరుతోపాటు ఎందరో మామూలు మనుషుల పేర్లూ ఉన్నాయి. కానీ అమరావతి, గోలి శిల్పాల్లోలా ఆరు దంతాల ఏనుగు కథ చెక్కిన పలకలు ఇక్కడ కనిపించవు. తవ్వకాలకు ముందే ఇక్కడి చలువరాయి పోయింది. వెల్లటూరు కాలువ తూము కట్టడానికీ వాడేశారు.

"బొమ్మల్లేవా?" అని మా పెద్దాడు ఉసూరుమన్నాడు. తిరిగొచ్చేటప్పుడు మా బాబాయి ఇంటి ముందు నుంచే నడిచాం. అప్పుడడిగాడు వాడు: "అమ్మా, చిన్న తాతయ్య ఇంటికి మనం ఎందుకెళ్లం?"

ఏం చెప్పను? నాన్నది, బాబాయిది ఒకే బోదె కింద పొలం. ఎగువన నాన్నది, దిగువన బాబాయిది. అసలే కాలువ చివరి భూములు. ఒక ఏడు నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. వంతు దగ్గర మాటా మాటా పెరిగింది. ఆరేళ్లుగా అన్నదమ్ముల మధ్య పలకరింపుల్లేవు.

వాడికి జవాబు వెతుకుతుంటే గుర్తొచ్చింది, ఈ తగవు కొత్తది కాదని! పాలీ జాతకాలు 547. మేం చిన్నప్పుడు చదువుకున్నవన్నీ కాశీలో బ్రహ్మదత్తుడి కాలంతో మొదలయ్యేవి. నాగిరెడ్డితో కలిసి 1947లో 'చందమామ' మొదలుపెట్టిన చక్రపాణి, 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దానికి పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు... ఇద్దరూ మా పక్కనున్న తెనాలివాళ్లే. వాళ్ల పుణ్యమా అని ఆ కథలు ఇంటింటికీ చేరాయి. అయితే మూలంలో ప్రతి కథకీ ముందు ఇంకో చిన్న కథ ఉంటుంది. ఆవేళ ఎవరో పోట్లాడుకుంటారు, ఎవరో అత్యాశకి పోతారు. అది విని బుద్ధుడు పాత కథ ఎత్తుకుంటాడు. చివర్లో అప్పటి ఫలానావాడే ఇప్పటి ఫలానావాడని ముడిపెడతాడు. దాన్నే సమోధానం అంటారు.

కునాల జాతకం ముందున్న కథ నీళ్ల తగవే. రోహిణి నదికి అటూ ఇటూ శాక్యులు, కోలియులు. చుట్టాలే. పైర్లు వాడిపోతుంటే, నీళ్లు ముందు మాకంటే మాకని కత్తులదాకా వెళ్లారు. వాళ్ల మధ్యకొచ్చి బుద్ధుడు చెప్పిన కథల్లో పూరేడు పిట్టలది ఒకటి.

ఆ రాత్రి పెరట్లో మంచాల మీద అదే చెప్పాను. కాశీ అనలేదు, మన బోదె గట్టు అన్నాను. వేటగాడు వల వేస్తే పిట్టలన్నీ తలో కంతలో తల దూర్చి, వలతో సహా ఎగిరి, ముళ్లపొద మీద దాన్ని వదిలేసి తప్పించుకునేవి. ఒకరోజు ఒక పిట్ట పొరపాటున ఇంకో పిట్ట తల తొక్కింది. 'నువ్వొక్కదానివే మోస్తున్నావా?' అంటే 'నువ్వొక్కదానివే మోస్తున్నావా?' అని గొడవ. తెలివైన పెద్ద పిట్ట తన మాట వినేవాటిని తీసుకుని వెళ్లిపోయింది. మిగిలినవి వాదించుకుంటుండగానే వలలో పడ్డాయి.

"పెద్ద పిట్ట వాటిని కలపొచ్చుగా, వెళ్లిపోవడమేంటి?" అన్నాడు పెద్దాడు. అన్నిసార్లు చదివినా నాకు తట్టని ప్రశ్న అది. చిన్నది మాత్రం పక్క మంచం వైపు తిరిగింది.

"తాతయ్యా, నువ్వే పిట్టవి?"

నాన్న పలకలేదు. చాలాసేపటికి అటువైపు తిరిగి పడుకున్నారు.

ఆ తగవు తీరిపోయిందని చెప్పను. తీరలేదు. కానీ పొద్దున్నే పిల్లలిద్దరూ చిన్న తాతయ్య ఇంటికి వెళ్తామంటే నాన్న వద్దనలేదు. "వట్టి చేతులతో పంపకు" అని మామిడిపళ్ల బుట్ట వైపు చూపించారు.

కొత్త కథ కోసం కొత్త జంతువుని వెతకక్కర్లేదని నాకు అప్పుడనిపించింది. ముందు మన ఇంట్లో, మన వీధిలో ఇవాళ నలుగుతున్న మాటేమిటో చూసుకోవాలి. దానికి సరిపడే పాత కథ ఆ 547లో ఎక్కడో ఉండే ఉంటుంది. ఎవరు ఏ పిట్టో మాత్రం మనం చెప్పకూడదు. వినేవాళ్లనే తేల్చుకోనివ్వాలి.