నా ఇల్లు, నా ఇష్టం?

2008 అక్టోబర్ 2న బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడంపై దేశమంతటా నిషేధం అమల్లోకి వచ్చింది. దానికి కొద్ది రోజుల ముందే ఐటీసీ కంపెనీ, హోటళ్ల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లి స్టే అడిగాయి. కోర్టు ఇవ్వలేదు. నిషేధం వద్దనేవాళ్ల వాదన చాలా సూటిగా ఉంటుంది. స్థలం మాది, పెట్టుబడి మాది, ఇష్టమున్నవాళ్లే వస్తారు, మధ్యలో ప్రభుత్వానికేం పని? ఆ మాట విన్నప్పుడల్లా నాకు హోటళ్లు గుర్తుకు రావు. భార్యని కొడుతుంటే అడ్డుపోయిన ఇరుగుపొరుగు మొహం మీద తలుపేస్తూ "నా ఇల్లు, నా ఇష్టం" అనే మగగొంతు గుర్తొస్తుంది.

చిక్కేమిటంటే, ఇప్పుడు ఆ యజమానుల జాబితాలో నేనూ ఉన్నాను. ఎర్రగడ్డలో మా అమ్మ పేరున ఒక ఇల్లుంది. కింద రెండు మడిగెలు, పైన రెండు పోర్షన్లు. కిరాయి డబ్బులతోనే అమ్మ మందులు. లెక్కలూ అగ్రిమెంట్లూ నేను చూస్తాను. ఒక మడిగెలో టీ కొట్టు. రైతుబజార్ సంచులతో వెళ్లేవాళ్లు, మెట్రో దిగినవాళ్లు, ఛాతీ ఆసుపత్రిలో తమవాళ్లని చూసి వచ్చినవాళ్లు అక్కడ ఆగి చాయ్ తాగి సిగరెట్ వెలిగిస్తారు. (ఊపిరాడని మనిషిని చూసొచ్చి వెంటనే అగ్గిపుల్ల గీసేవాళ్లని చూస్తే నాకు కోపం రాదు, దిగులేస్తుంది.) ఆ పొగంతా పైపోర్షన్ కిటికీలోకి పోతుంది. అక్కడ ఉండే ఆమెకి ఉబ్బసం.

నియమాలు తీసి చదివాను. హోటల్లో పొగతాగితే 200 రూపాయల దాకా జరిమానా. ఆపని యజమానీ మేనేజరూ కూడా బాధ్యులే. బోర్డు పెట్టాలి, యాష్‌ట్రే, అగ్గిపెట్టె ఉంచకూడదు. 30 సీట్లకు తగ్గని రెస్టారెంట్లు మాత్రం పొగకోసం విడిగా గది కట్టుకోవచ్చు, అయితే ఆ గదిలో ఇంకే సేవలూ అందించకూడదు. ఈ చివరి ముక్క నాకు నచ్చింది. "ఇష్టమున్నవాళ్లే వస్తారు" అనే వాదనలో కప్పులు ఎత్తే మనిషి ఎక్కడా ఉండదు. ఆమె అక్కడికి వచ్చేది ఇష్టంతో కాదు, జీతం కోసం.

కొట్టతను బోర్డు పెట్టాడు. తాగేవాళ్లు రెండు మెట్లు దిగి రోడ్డు మీద నిలబడ్డారు. 2003 నాటి చట్టం ప్రకారం ఆరుబయట జాగా బహిరంగ ప్రదేశం కిందికి రాదు. పొగ మళ్లీ అదే కిటికీలోకి. సిగరెట్లు అమ్మడమే మానేయమంటే ఉదయంపూట కొట్టు చూసుకునే అతని భార్య అంది: "సిగరెట్ల మీద మిగిలేది ఏముంది మేడం? కానీ అవి లేకుంటే చాయ్ గిరాకీ రాదు." నా దగ్గర జవాబు లేదు.

సరే, ఆమె కిటికీ మూసుకుంటుంది అనుకుందాం. లోపల భర్త ఉన్నాడు, రోజుకో పెట్టె కాలుస్తాడు. 1981లో తకేషి హిరయామా అనే జపాన్ పరిశోధకుడు, తాము పొగతాగని 91,540 మంది భార్యలను 14 ఏళ్లు పరిశీలించిన ఫలితాలు ప్రకటించాడు. బాగా పొగతాగే భర్తలున్న స్త్రీలలో ఊపిరితిత్తుల కాన్సర్ మరణాలు ఎక్కువ. పొగాకు కంపెనీలు ఆ అధ్యయనం మీద ఎంత దాడి చేశాయో! ఆ స్త్రీలు పీల్చింది హోటల్లో పొగ కాదు, పడగ్గదిలోది. మన నిషేధం ఆ గది గడప దగ్గర ఆగిపోతుంది. 2005 గృహహింస చట్టం ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు భార్యకిచ్చింది. అక్కడి గాలి సంగతి అందులో లేదు.

చట్టం రాకపోతే యజమాని రావచ్చు కదా. అగ్రిమెంటులో "గదుల్లో పొగతాగరాదు" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆమెతో ఆ మాటే అన్నాను. ఆమె మొహం పాలిపోయింది. "అట్ల రాయకు అక్కా. ఆయన ఇల్లు ఖాళీ చేద్దామంటడు. పిల్ల బడి ఈడనే ఉంది, నా పని ఈడనే ఉంది."

అమెరికాలో 2018 జులై నుంచి ప్రభుత్వ గృహసముదాయాల్లో, అంటే పేదలుండే ఇళ్లలో, గది లోపల కూడా సిగరెట్ కాల్చకూడదు. సొంత బంగళా ఉన్నవాళ్లకి అలాంటి నిబంధన లేదు. పొగ తప్పే. కానీ ఇంట్లోకి తొంగిచూసే అధికారం ఎప్పుడూ కిరాయిదార్ల మీదే ఎందుకు పనిచేస్తుంది? యజమాని నిషేధం అనగానే నాకు అమీర్‌పేట లేడీస్ హాస్టళ్లు కూడా గుర్తొస్తాయి. అక్కడ సిగరెట్‌తో దొరికిన అమ్మాయి ఊపిరితిత్తుల గురించి ఎవరూ బెంగపడరు, మాట్లాడేదంతా నడవడిక గురించే. విశాఖ, శ్రీకాకుళం పల్లెల్లో నిప్పు నోటిలోపల పెట్టుకుని అడ్డపొగ తాగిన మన ముసలమ్మలకి అంగిట్లో కాన్సర్లు వచ్చాయి. వాళ్ల గురించి ఈ చర్చలో మాట్లాడేవాళ్లు తక్కువ.

వచ్చే నెలతో పదకొండు నెలల గడువు అయిపోతుంది. మొన్న ఆమె తన ఆధార్ కార్డు జిరాక్స్ తెచ్చిచ్చి, "ఈసారి కాయితంల నా పేరు గూడ రాయి అక్కా" అంది. భర్త సంతకం పెడతాడా అని అడిగితే, కిరాయి సగం తనే కడుతోంది కాబట్టి పెడతాడంది. రెండు పేర్లూ రాయించాను. పొగ గురించిన వాక్యం కోసం రెండు గీతల జాగా ఖాళీగా ఉంచి, రాయాలా వద్దా నువ్వే చెప్పమన్నాను. ఆలోచించుకుని ఆదివారం చెప్తానంది.