చాపరాయి గెడ్డయొద్ద ఒక ప్రశ్న

ఒక కార్తికమాసమున మేము వనభోజనమునకై డుంబ్రిగుడ దాపుననున్న చాపరాయికి పోయితిమి. అచట విశాలమైన బండమీదుగా గెడ్డనీరు జారిపోవుచుండును. మా పదేండ్ల అమ్మాయి ఆ పేరును "చేపరాయి" యని విని, బండయంతయు వెదకి, "అమ్మా! ఇందులో చేప ఏదీ? చేపలనుండియే నేలజంతువులు పుట్టినవట. చేపకు కాళ్ళెట్లు వచ్చినవి?" అని యడిగెను.

"వంట ఆలస్యమగుచున్నది, ఊరకుండు" మని గద్దించితిమి. మా అత్తగారు మత్స్యకూర్మావతారముల కథ చెప్పి దాని నోదార్చిరి. కథ మధురమే. కాని పిల్ల యడిగినది "ఎట్లు" అని. మాకు తెలియదని యొప్పుకొనలేక కసరితిమి గదా యని సిగ్గు కలిగెను. ఇల్లు చేరి, చదివి తెలిసికొన్న దానిని ఇందు వ్రాయుచున్నాము.

ఆ బండలో చేప దొరకదు. ఈ కొండల మూలశిలలు భూగర్భపు వేడిమికి మారి నేటి రూపము దాల్చి సుమారు 100 కోట్ల సంవత్సరములైనది. చేపలు పుట్టి 50 కోట్ల సంవత్సరములే. రాయి పెద్దది, చేప చిన్నది.

కెనడా దేశపు ఉత్తరపు కొసనున్న ఎల్స్మియర్ ద్వీపమున 2004లో ఒక శిలామత్స్యము దొరకెను. దాని పేరు టిక్టాలిక్. వయస్సు సుమారు 37½ కోట్ల సంవత్సరములు. దానికి చేపవలె పొలుసులును ఈతరెక్కలును గలవు. చేపకు లేని మెడయు గలదు. ఆ రెక్కలో మొదట ఒక ఎముక, పిదప రెండు, ఆపైన మణికట్టువంటి చిన్న ఎముకలు. మన చేతిలోని వరుసయు నదియే! అట్టి చేపలు నేల నెక్కవలెనని కాళ్ళు తెచ్చుకొనలేదు. లోతులేని నీటిలో అడుగును ఊతగొని మెలగుటకు గట్టిరెక్కలు అక్కరకు వచ్చెను. అవి గలవి ఎక్కువగా బ్రతికి సంతానమును గనెను. నీటికై కుదిరినదే తరతరములకు నేలకును పనికివచ్చెను.

మన తెలుగునేలపైనను సాక్ష్యము గలదు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని మలేరి పేర పిలువబడు ఎఱ్ఱమట్టి పొరలలో, 20 కోట్ల ఏండ్లకు పైబడిన, ఊపిరితిత్తులుగల చేపల పండ్లు దొరకినవి. కప్పలకు దూరపుబంధువులైన పెద్ద జంతువుల ఎముకలును అందే యున్నవి. అప్పటికే నేలజంతువులు పుట్టి చాలకాలమైనది. కావున ఆ చేప మనకు తాత కాదు, దాయాది.

ఇంకొక స్త్రీ సంగతి. 1938 డిసెంబరు 22న దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ రేవులో, ప్రదర్శనశాల నడుపుచుండిన మార్జొరీ కోర్ట్నీ లాటిమర్ అను యువతి చేపల కుప్పలో ఒక నీలిచేపను చూచెను. అదేమో ఆమెకు తెలియలేదు, అందుకు సిగ్గుపడలేదు. దాని బొమ్మ గీసి స్మిత్ అను శాస్త్రజ్ఞునకు పంపెను. ఆరున్నర కోట్ల ఏండ్లక్రిందటనే నశించెనని తలచిన సీలకాంత్ జాతి అది! ఆ చేపకు ఆమె పేరనే లాటిమేరియా యని నామకరణమైనది.

ఆ రాత్రి అమ్మాయి చేయి పట్టుకొని, భుజమునుండి మోచేతికి ఒక ఎముక, మోచేతినుండి మణికట్టునకు రెండు అని తడిమి చూపితిమి. అది తన చేతిని దీపమువద్ద త్రిప్పి చూచికొని, "మరి తోక ఏమైనదమ్మా?" అనెను.

ఈమారు ఊరకుండు మనలేదు. పుస్తకము తెమ్మంటిమి.