దారి యెందుకు తగ్గినది?

మా యింట జమాఖర్చుల పుస్తకము మేమే వ్రాయుదుము. అందు పాలు, బియ్యము, పిల్లల చదువులతోపాటు బండికిని ఒక పద్దు కలదు. మా వారు పాఠశాలనుండి వచ్చినతోడనే మీటరులోని యంకెను చెప్పుట, మేము వ్రాసికొనుట వాడుక. వెలిమెలలోని మా యింటినుండి వారి బడికి పోయి వచ్చుటకు 24 కిలోమీటర్లు. మూడేండ్లుగా ఈ యంకె మారలేదు. గడచిన కార్తికమాసమున నొక రాత్రి ఆ పద్దును తిరుగవేయగా, దసరా మొదలుకొని ప్రతిదినమును 23 అని యుండుట కనబడినది. ఇల్లు కదలలేదు, బడి కదలలేదు. మఱి దారి యెట్లు తగ్గినది? ఈ ప్రశ్న మా కుటుంబమున కెంత మేలు చేసినదో సోదరీమణులకు విన్నవింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది జీపువంటి యెత్తయిన బండి. దాని టైర్లు అరిగిపోయినవి. దసరాకు వచ్చిన మా మఱిది, "ఎట్లాగూ మార్చాలి గదా వదినా! ఒక సైజు పెద్దవి వేయిద్దాం, బండికి రాజసం వస్తుంది" అనెను. మా వారు సందేహించిరి. మేమే "చిన్నవాడు ముచ్చటపడుచున్నాడు, కానిండు" అంటిమి. కొత్త టైర్లతో బండి వాకిట నిలిచినప్పుడు మేమే హారతి యిచ్చితిమి. కావున తరువాత జరిగిన దానిలో మా పాలును కలదు.

నాలుగు దినములు గడచెను. వాకిట బండిని పూర్తిగా మలుపునప్పుడు చక్రముల యొద్ద గరగరమని చప్పుడు వినవచ్చెను. స్టీరింగు బరువెక్కెను. పటాన్‌చెరు దారిలో లారీల ప్రక్కగా పోవునప్పుడు బండి ఒక ప్రక్కకు లాగుచున్నదని మా వారనిరి. బ్రేకు నొక్కినను మునుపటివలె వెంటనే పట్టుట లేదనిరి. మా అత్తగారు, "బండికేమయింది? వాడికి వయసు మీద పడుతోంది, చూపు ఆనటం లేదు" అనిరి. ఆ మాట వారి మనస్సులో ముల్లయి నాటుకొనెను.

ఒక సాయంకాలము ఊరి మలుపున మేకపిల్ల వెంట పరుగెత్తుచు ఒక పసిపిల్ల దారికడ్డముగా వచ్చెను. మా వారు బ్రేకు బలముగా నొక్కిరి. ఎప్పుడును ఆగు చోట బండి ఆగలేదు. పిల్లకు జానెడు దూరమున ఆగెను. దైవకృపచే దానికి దెబ్బ తగులలేదు. ఆ రాత్రి మా వారు భోజనము చేయలేదు. బండి తాళములు దేవుని గూటిలో పెట్టి, "ఇక నేను నడపను" అనిరి. మఱునాడు దగ్గఱి షెడ్డులో బ్రేకు ప్యాడ్లు మార్పించితిమి. సొమ్ము పోయెను గాని దోషము పోలేదు. వారు బస్సులో బడికి పోవ మొదలిడిరి. ఇక బండి పద్దు ముగింపవలెనని పుస్తకము తెఱచినప్పుడే ఈ 23 మా కంట బడినది.

దసరానాడు మారినది టైర్లే గదా యని, దీపము పట్టుకొని పశువుల కొట్టములో పడియున్న పాత టైరును చూచితిమి. దాని ప్రక్కన 215/75 ఆర్ 15 అని యున్నది. కొత్తదానిపై 235/75 ఆర్ 15. ఈ యంకెల యర్థము మా అబ్బాయి చెప్పెను. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది ఆ వెడల్పులో నూటికి ఎన్ని పాళ్లు టైరు గోడ యెత్తో తెలుపును. చివరిది లోపలి ఇనుప చక్రము అడ్డుకొలత, అంగుళములలో. లెక్క కట్టగా పాత టైరు అడ్డుకొలత 703 మిల్లీమీటర్లు, కొత్తది 733. అనగా కొత్త చక్రము ఒక్క చుట్టు తిరుగునప్పుడు బండి తొమ్మిది సెంటీమీటర్లకు పైగా ఎక్కువ దూరము పోవును. పాపము, మీటరు చుట్లను లెక్కించునే గాని నేలను కొలువదు. అది పాత చక్రమే యున్నదనుకొని 24కు బదులు 23 చూపినది. దారి తగ్గలేదు, చక్రము పెరిగినది.

దూరము తప్పు చూపు మీటరు వేగమును సరిగా చూపునా? ముల్లు 60 చూపినప్పుడు మునుపు పోవుచుండిన వేగముకంటె ఇప్పుడు నూటికి నాలుగు పాళ్లు ఎక్కువగా బండి పోవుచున్నది. బ్రేకు వేసిన పిదప బండి ఆగుటకు పట్టు దూరము వేగము యొక్క వర్గమునుబట్టి పెరుగును. కావున వేగము నాలుగు పాళ్లు పెరిగిన, దూరము ఎనిమిది పాళ్లకు పైగా పెరుగును.

ఇంకొక కారణమును తిరగలితో చెప్పవచ్చును. తిరగలి పిడి నడిమి కీలకు దగ్గఱగా నున్నచో త్రిప్పుట కష్టము. అంచున నున్నచో సులువు. బండిచక్రమును నేల అంచున త్రిప్పుచుండును, బ్రేకు నడుమ పట్టి ఆపుచుండును. చక్రము పెద్దదైనకొలది నేలకు బలము చిక్కును. బ్రేకు మాత్రము పాతదే. కావున అదే చోట ఆగవలెనన్న కాలితో ఇంకను గట్టిగా నొక్కవలెను. పెద్ద టైరు బరువును ఎక్కువ. తిరుగుచున్న బరువును ఆపుట మఱియు కష్టము. మా వారి కన్నులు చక్కగా నున్నవి, కాలును చక్కగా నున్నది. ఇన్నేండ్ల అలవాటు చొప్పున నొక్కు కాలికి ఈ మార్పు తెలియలేదు, అంతే.

మఱునాడు అనుభవజ్ఞుడైన మెకానిక్కు నొకనిని పిలిపించితిమి. ఆయన పని చేసిన వరుస చెప్పెదము, ఎవరికైనను ఉపకరించును. మొదట నాలుగు చక్రములలో గాలి చూచెను. కుడి ముందు చక్రమున తక్కువగా నుండెను. ప్రక్కకు లాగుటకు అది యొక కారణము. పిమ్మట స్టీరింగును రెండు వైపులకును పూర్తిగా త్రిప్పించి, టైరు ఎక్కడ రాచుకొనుచున్నదో చూచెను. లోపలి ప్లాస్టిక్కు తొడుగు అరిగియుండెను. ఆ ప్రక్కనే బ్రేకు ఆయిలు పోవు రబ్బరు గొట్టము కలదు. దానికి రాపిడి తగిలినచో ఒకనాడు బ్రేకే యుండదని చెప్పెను. మా గుండె ఝల్లుమనెను. అటుపిమ్మట బ్రేకు ఆయిలు, ప్యాడ్లు, తుదకు వీల్ అలైన్‌మెంటు చూచెను. బ్రేకులలో దోషమేమియు లేదు. "అమ్మా! ఒకదాని తరువాత ఒకటి చూడాలి. అన్నీ ఒకేసారి మారిస్తే రోగమేదో తెలియదు" అనెను. ఈ మాట వంటకును వైద్యమునకును కూడ చెల్లును.

డ్రైవరు తలుపు తెఱచినచో చట్రముపై ఒక చీటీ అంటించియుండును. టైరు కొలత, పోయవలసిన గాలి అందు వ్రాసియుండును. తయారుచేసినవారు తమ పుస్తకములో వేఱొక కొలతకు అనుమతి యిచ్చియున్న సరే, లేనిచో మార్చరాదు. ఇది చట్టపు మాటయు నగును. తయారీదారులు నిర్ణయించిన వివరములకు విరుద్ధముగా బండిని మార్చరాదని మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనును వివరించుచు సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పినది. ఆ యేడే చేసిన సవరణచే, అనుమతి లేని యొక్కొక్క మార్పునకు ఐదువేల రూపాయల జరిమానా గాని ఆరు నెలలవఱకు ఖైదు గాని విధింపవచ్చును.

మా జిల్లాలోని సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. వారి టైర్ల కర్మాగారము కలదు. టైర్లు చేయు సీమలో నుండియు మేము టైరు ప్రక్కనున్న యంకెను ఒక్కనాడును చదువలేదు. చిన్ననాడు అమరకోశములో చక్రమునకును, దాని అంచునకును, నడిమి భాగమునకును గల పేర్లన్నియు వల్లించితిమి గాని, వాకిటనున్న చక్రము కొలత తెలియదాయెను! ఆ పెద్ద టైర్లలో దోషము లేదు. వానికి తగిన బండికి అవి మంచివే. మా బండికి తగినవి కావు.

కొంత నష్టమునకు వానిని అమ్మి, పాత కొలత టైర్లే వేయించితిమి. మా మఱిది తలవంచుకొనియుండగా, "నీ ముచ్చటకు మా ముచ్చట తోడయినది నాయనా" అంటిమి. మా అత్తగారు ఏమియు ననలేదు; మఱునాటి యుదయమున తామే పోయి దేవుని గూటిలోని తాళములు తెచ్చి కుమారుని చేతిలో పెట్టిరి. ఆ సాయంకాలము మా వారు వచ్చి మీటరు అంకె చెప్పిరి. తీసివేసి చూడగా సరిగా 24.

సోదరీమణులారా! మీ యింట బండి యున్నచో రేపు తీరిక చేసికొని టైరు ప్రక్కనున్న యంకెను, తలుపునొద్ద నున్న చీటీని చదివి పోల్చి చూడుడు. అవి కలియకున్నచో నడపువారిని నిందింపక ముందే చక్రములను మార్పింపుడు.