పొగ చెప్పే సాక్ష్యం



సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బండ్ల విడిభాగాలు దొరుకుతాయని ట్రాక్టరున్న వాళ్లందరికీ తెలుసు. ఆ దగ్గర్లోనే ఒక షెడ్డులో పాత అంబాసిడర్‌కు కార్బురేటర్ తీసేసి, కంప్యూటర్‌తో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్ బిగిస్తుంటే చూశాను. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఈ కారులో ఉన్నది ఇంకా పాతదైన 1489 సీసీ ఇంజిన్.

కార్బురేటర్‌ది సాదా పద్ధతి. లోపలికి దూసుకెళ్లే గాలే పెట్రోలును లాక్కుంటుంది. చలికాలం పొద్దున చోక్ లాగాలి. ఘాట్ రోడ్డు ఎక్కితే గాలి పలచబడి పెట్రోలు ఎక్కువవుతుంది, ఆ సంగతి కార్బురేటర్‌కు తెలియదు.

కొత్త పద్ధతిలో ఇంజెక్టర్లు పెట్రోలును చిమ్ముతాయి. ఇంజిన్ వేగం, గాలి ఒత్తిడి, వేడి ఎంతున్నాయో సెన్సార్లు చెబుతాయి. దాన్నిబట్టి ఇంజెక్టర్‌ను ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో కంప్యూటర్ తేలుస్తుంది. కిలో పెట్రోలు సరిగ్గా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ లెక్కల పట్టికను మెకానిక్ ల్యాప్‌టాప్‌లో తానే రాస్తాడు.

"పట్టిక బాగా రాస్తే చాలా తమ్ముడూ?" అని అడిగాను.

"చాలదు అయ్యగారూ. మనం రాసింది అంచనానే. నిజం ఇది చెప్పాలి" అంటూ సైలెన్సర్‌కు పోయే గొట్టానికి బిగించిన ఆక్సిజన్ సెన్సార్ చూపించాడు. కాలిన పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో అది కొలిచి చెబుతుంది. బండి నడుస్తుండగానే కంప్యూటర్ తన లెక్క దిద్దుకుంటుంది.

ప్రియులారా, మన పట్టికలు బాగానే ఉన్నాయి. వాక్యం కంఠతా వచ్చు, ఉపవాస ప్రార్థన తప్పం. మరి పొగ సంగతేమిటి? మనిషి లోపలినుంచి బయటికి వచ్చేదాన్ని చూసుకోమని మార్కు 7వ అధ్యాయంలో ప్రభువు నేర్పాడు. ఆరాధన నుంచి ఇంటికొచ్చాక అన్నం ఆలస్యమైతే మన నోటినుంచి ఏమొస్తుంది? కూలి డబ్బు అడిగిన మనిషికి ఏం జవాబిస్తాం?

ఆ పొగ మొదట తగిలేది భార్యకు, పిల్లలకు, పొలంలో పనిచేసేవాళ్లకు. మన సెన్సార్లు వాళ్లే. "నువ్వన్న మాట నొప్పించింది" అని వాళ్లు చెబితే నోరు మూయిస్తాం. సెన్సార్ వైరు పీకేసినా బండి ఆగదు, పాత పట్టికతోనే నడుస్తుంది. నల్లపొగ మాత్రం నడిపేవాడికి కనబడదు, వెనక వచ్చేవాళ్ల ముఖాన కొడుతుంది. పిల్లలు మందిరానికి రావడం మానేస్తే సెల్‌ఫోన్‌ను తిడతాం. ఇంట్లో వాళ్లు పీల్చిన పొగ గురించి అడగం.

ఈ వారం ఇంట్లో ఒకరిని అడగండి: "నా మాట మీకు ఎలా తగులుతోంది?" వాళ్లు చెబుతున్నంతసేపు ఎదురు చెప్పకండి. విన్నదాన్ని ప్రభువు పాదాల దగ్గర పెట్టండి. దిద్దేవాడు ఆయనే.

ప్రభువా, మా ఇంటివారి మాట వినే చెవులు మాకు దయచేయుము. ఆమేన్.