దెబ్బ దాచి... నొప్పి చూపించి

అదొక దొంగతనం సినిమా. వజ్రాల దుకాణాన్ని దోచుకోవడానికి ఆరుగురు బయల్దేరతారు. కానీ సినిమా మొత్తం కళ్లు చికిలించి వెతికినా ఆ దోపిడీ మాత్రం కనిపించదు! ముందు హోటల్లో టిఫిన్ చేస్తూ కబుర్లాడుకోవడం చూస్తాం. ఆ వెంటనే కారు వెనక సీట్లో రక్తపు మడుగులో కొట్టుకుంటూ ఒకడు కేకలు పెట్టడం చూస్తాం. మధ్యలో జరిగిందంతా వాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటుంటే మనం విని తెలుసుకోవాల్సిందే.

1992లో అమెరికాలో విడుదలైన 'రిజర్వాయర్ డాగ్స్' గురించే ఇదంతా. అందులో అందరికంటే కర్కోటకుడైన మిస్టర్ బ్లాండ్ పాత్ర వేసిన మైకేల్ మ్యాడ్సన్ 2025 జూలైలో కన్నుమూశాడు. పేపర్లో ఆ వార్త చూశాక, అటక మీది అట్టపెట్టె దించి, ఆ సినిమా డిస్కు బయటికి తీశాను.

ఆ డిస్కుకీ ఓ కథ ఉంది. సినిమాకు పదేళ్లు నిండిన సందర్భంగా 2002లో రెండు డిస్కుల ప్రత్యేక సంచిక తెచ్చారు. దొంగలకు పేర్లుండవు, రంగులే పేర్లు. అందుకని అట్టలు కూడా ఐదు రకాలు వేశారు... వైట్, ఆరెంజ్, పింక్, బ్లాండ్, బ్రౌన్. నా బావమరిది మర్నాటి సంవత్సరం న్యూజెర్సీ నుంచి వస్తూ ఆరెంజ్ అట్టది తెచ్చాడు. తీరా చూస్తే మా ప్లేయర్లో ఆడలేదు. అమెరికా డిస్కులు ఒకటో రీజియన్‌వి, మన దేశానివి ఐదో రీజియన్‌వి. ''కంప్యూటర్లో రీజియన్ మార్చుకోవచ్చు బావా, కానీ ఐదుసార్లే... ఆ తర్వాత తాళం పడిపోతుంది'' అని హెచ్చరించి వెళ్లాడు. ఆ భయంతోనే అది పెట్టెలో ఉండిపోయింది. ఇప్పుడు మా అమ్మాయి ల్యాప్‌టాప్‌కు డిస్కు పెట్టే చోటే లేదు. బయట తగిలించే డ్రైవు ఒకటి తనే తెప్పించి పెట్టింది.

నేను ఈ సినిమా మొదట చూసింది 1996లో, విద్యానగర్ గదిలో. నలుగురం తలా ఇంత వేసుకుని వీసీఆర్, కేసెట్ అద్దెకు తెచ్చుకున్నాం. ఇంగ్లీషు సగమే అర్థమైంది. అయినా నల్లకోట్లు, నల్ల కళ్లద్దాలు, ఆ నడక చూసి మతిపోయింది. మర్నాడు ట్యాంక్‌బండ్ మీద మేమూ అలాగే వరసగా నడిచాం. కోట్లు లేవు గానీ, కళ్లద్దాలు మాత్రం ఉన్నాయి!

సినిమా తీసిన క్వెంటిన్ టరంటినో అంతకుముందు కాలిఫోర్నియాలోని మన్‌హటన్ బీచ్‌లో 'వీడియో ఆర్కైవ్స్' అనే కేసెట్ల దుకాణంలో పనిచేసేవాడు. వచ్చినవాళ్లకు ఏ సినిమా చూడాలో చెప్పడమే ఉద్యోగం. మొదట 30 వేల డాలర్లతో, స్నేహితులనే నటులుగా పెట్టి, 16 ఎంఎం నలుపు తెలుపు ఫిల్మ్ మీద తీసేద్దామనుకున్నాడు. స్క్రిప్టు తెలిసినవాళ్ల ద్వారా చేతులు మారి నటుడు హార్వే కైటెల్ దగ్గరకు చేరింది. ఆయనకు నచ్చి, నటించడమే కాక నిర్మాణంలోనూ చెయ్యేశాడు. దాంతో బడ్జెట్ 10 లక్షల డాలర్లు దాటింది. హాలీవుడ్ లెక్కలో అదీ చిల్లరే! కొందరు నటులు సొంత బట్టలతోనే కెమెరా ముందుకొచ్చారు. దొంగలంతా కలుసుకునే గిడ్డంగి, ఒకప్పుడు మార్చురీగా ఉన్న భవనం.

కేసెట్ల దుకాణం నుంచి దర్శకుడి కుర్చీకి... ఈ దారి మనకు కొత్తది కాదు. అమీర్‌పేటలో వీడియో దుకాణం నడిపిన రాంగోపాల్ వర్మ 1989లోనే 'శివ' తీశారు. అందులో సైకిల్ చెయిన్ తెంపిన చప్పుడు మా తరం చెవుల్లో ఇంకా ఉంది.

మళ్లీ గిడ్డంగి దగ్గరకొద్దాం. సినిమా పేరెత్తగానే అందరికీ గుర్తొచ్చేది ఒకటే సీను. మిస్టర్ బ్లాండ్ ఒక పోలీసును కుర్చీకి కట్టేస్తాడు. రేడియో పెడతాడు. 1970ల నాటి హుషారు పాట ఒకటి మొదలవుతుంది. దానికి తగ్గట్టు చిన్నగా అడుగులేస్తూ, చేతిలో కత్తితో పోలీసు చెవి దగ్గరకు వెళతాడు. సరిగ్గా ఆ క్షణంలో కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగిపోతుంది! ఓ ఖాళీ గుమ్మం. దానిపైన 'తల జాగ్రత్త' అని రాసి ఉంటుంది. మనకు వినిపించేది పాట, మూలుగు... అంతే.

ఇంత దాచినా థియేటర్లలోంచి జనం లేచి వెళ్లిపోయారు. దెయ్యం సినిమాలకు పేరుమోసిన దర్శకుడు వెస్ క్రేవెన్ కూడా ఒక చిత్రోత్సవంలో మధ్యలో బయటికి నడిచాడని చెబుతారు. బ్రిటన్‌లో థియేటర్లలో ఆడనిచ్చారు గానీ, ఇళ్లలో చూసే వీడియోకు మాత్రం 1995 దాకా సర్టిఫికెట్ ఇవ్వలేదు.

ప్రత్యేక సంచిక రెండో డిస్కులో ఏముందంటారా? సినిమాలో పెట్టని సీన్లు. వాటిలో ఇదే చెవి సీను మరో రెండు కోణాల్లో ఉంది. కెమెరా పక్కకు తిరగదు. కోయడం కళ్లముందే కనిపిస్తుంది. ఆన్‌లైన్లో సినిమా మాత్రమే దొరుకుతుంది కాబట్టి ఈ ముక్కల కోసమే డిస్కు దించానని చెప్పాలి. గుండె దిటవు చేసుకుని చూశాను.

భయం వేయలేదు! కత్తి, రబ్బరు చెవి, ఎర్ర రంగు... అంతే కనిపించాయి. 'బాగానే చేశారే, చర్మం ఎక్కడ అతికించారో' అని చూస్తున్నానే తప్ప, కుర్చీలో మనిషి ఉన్నాడన్న సంగతే తట్టలేదు. సినిమాలో ఆ గుమ్మం వంక చూస్తున్నంతసేపూ ఆ మనిషి గురించి తప్ప మరో ఆలోచన రాదు. కోత చూపిస్తే కళ్లకు పని దొరికింది, మనసుకు సెలవు దొరికింది.

కుర్చీలోని ఆ పోలీసు ఒకచోట ఇంట్లో చిన్న పిల్లాడున్నాడని వేడుకుంటాడు. ఆ వేషం వేసిన కిర్క్ బాల్ట్జ్ ఆ మాట అప్పటికప్పుడు తనే అన్నాడట. ఎదురుగా ఉన్న మ్యాడ్సన్‌కు ఆ మాట వినగానే చేతులు ఆడలేదట. జీవితమంతా జనం తనను ఆ క్రూరుడిగానే గుర్తుపెట్టుకున్న నటుడి సంగతిది.

ఇక నా శ్రీమతి విషయానికొస్తాను. ఫ్యాక్షన్ సినిమాల్లో సుమోలు గాల్లోకి లేచినా, కత్తులతో వందమందిని నరికినా కూర గిన్నె పక్కన పెట్టుకుని చిక్కుళ్లు ఒలుచుకుంటూ చూసే మనిషి. ఆ రోజు కాఫీ ఇవ్వడానికి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. తెరమీద అప్పుడు కత్తీ లేదు, తుపాకీ లేదు. మిస్టర్ ఆరెంజ్ కడుపులో గుండు దిగి నేలమీద పడున్నాడు. మిస్టర్ వైట్ పక్కన కూర్చుని ఉన్నాడు.

''ఎంతసేపటి నుంచి ఇలా పడున్నాడండీ?'' అంది.

''సినిమా మొదట్నుంచీ.''

''ఆపేయండి బాబూ. చస్తే చచ్చాడు, బతికితే బతికాడు. ఇదేంటి... ఇంతసేపా?''

ఆ మాట పట్టుకునే ఇదంతా రాయాలనిపించింది. మనం చూసే సినిమాల్లో గుండు తగలగానే మనిషి పడిపోతాడు. హీరో అయితే ఓ డైలాగు చెప్పి పడిపోతాడు. కెమెరా ముందుకు వెళ్లిపోతుంది. ఇక్కడ 99 నిమిషాల సినిమాలో, పాత రోజుల్లోకి వెళ్లే సీన్లు తీసేస్తే, ఒక మనిషి అలా రక్తం కారుతూనే ఉంటాడు. ఎంత సమయానికి ఎంత రక్తం పోతుందో లెక్క తప్పకుండా చూడటానికి సెట్లో వైద్యం తెలిసిన మనిషిని పెట్టుకున్నారట. టిమ్ రాత్ ఆ ఉత్తుత్తి రక్తంలో గంటల తరబడి పడుకుంటే, అది ఎండిపోయి నేలకు అతుక్కుపోయేవాడట!

1996లో మా నలుగురిలో ఎవరి దృష్టీ ఈ ఆరెంజ్ మీద లేదు. అందరికీ బ్లాండ్ డాన్సే. ఇప్పుడు నా కళ్లు ఆరెంజ్‌ను వదిలి పోలేదు. కారణం ఉంది.

2008లో సంక్రాంతికి ఊరెళుతుంటే చిట్యాల దాటాక మా తమ్ముడి బండి జారి, రోడ్డు పక్క రాతి దిమ్మెకు కొట్టుకుంది. నేను వెనక మరో బండి మీద ఉన్నాను. తొడ చీలిపోయింది. ఎవరో పుణ్యాత్ములు సుమో ఆపి ఎక్కించుకున్నారు. వాడి తల నా ఒళ్లో. నా తువ్వాలు వాడి తొడకు. ఆస్పత్రికి 40 నిమిషాలు పట్టింది. ''చచ్చిపోతానా అన్నయ్యా?'' అంటాడు. ''ఏం కాదురా'' అంటాను. మళ్లీ అడుగుతాడు. మళ్లీ అదే చెబుతాను. దాహమంటాడు... ఇవ్వొచ్చో లేదో తెలియదు. చలేస్తోందంటాడు. నా చెయ్యి పట్టుకున్న వాడి పట్టు ఒకసారి బిగుస్తుంది, ఒకసారి వదులవుతుంది. డ్రైవర్ టేపులో ఏదో పెళ్లిపాట మోగుతూనే ఉంది. ఆపమనాలని ఎవరికీ తోచలేదు.

తమ్ముడు బతికాడు. ఇప్పుడు చలికాలంలో కొంచెం కుంటుతాడు. పెళ్లిపాటలంటే వాడికేం ఇబ్బంది లేదు. నాకే ఆ పాట వినబడితే ఎక్కడున్నా అరచెయ్యి చెమర్చుతుంది.

అందుకే కారు వెనక సీట్లో ఆరెంజ్ గోల పెడుతుంటే, వైట్ ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ రెండో చేత్తో అతని చెయ్యి పట్టుకుని ఏం కాదు, ఏం కాదు అని చెప్పే సీను నాకు సినిమాలా కనబడలేదు. గిడ్డంగిలో అతని బెల్టు వదులు చేసి, చెవిలో ఏదో గుసగుసగా చెప్పి నవ్విస్తాడు వైట్. ఏం చెప్పాడో మనకు వినిపించరు. అంత నొప్పిలోనూ ఆరెంజ్ నవ్వుతాడు. రేడియోలో హుషారు పాట ఎందుకు పెట్టారో కూడా అప్పుడు అర్థమైంది. మనిషి ప్రాణం మీదికి వచ్చినప్పుడు లోకం పాట ఆపదు.

కథ చెప్పేస్తున్నానని ఏమీ అనుకోకండి. ఆరెంజ్ దొంగ కాదు, దొంగల్లో కలిసిపోయిన పోలీసు. ఆ సంగతి వైట్‌కు తెలియదు. మిగతా దొంగలంతా అనుమానించినా తుపాకీకి ఎదురు నిలబడి కాపాడతాడు. చెయ్యి పట్టుకున్నవాడిని శంకించలేకపోయాడు పాపం! చివరికి ఆరెంజే నిజం చెప్పేస్తాడు. నిజం చెప్పకపోతే ప్రాణం నిలిచేదేమో. ఆ చెయ్యి పట్టుకున్న మనిషికి అబద్ధం చెప్పి బతకలేకపోయాడు. నెత్తుటి సినిమా అని పేరుపడ్డ దీంట్లో నాకు మిగిలింది ఇదే... దెబ్బ దాచిపెట్టి, నొప్పి చూపించడం. మనకు అలవాటైన సినిమాలు చాలావరకు దీన్ని తిరగేసి చేస్తాయి. దెబ్బను మూడు కోణాల్లో, స్లో మోషన్లో చూపించి, నొప్పి మొదలయ్యే లోపు పాటకు వెళ్లిపోతాయి.

అలాగని ఇది ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సినిమా కాదు. నోరు తెరిస్తే బూతులు. పిల్లల ముందు పెట్టకండి. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి మాత్రం ''నాన్నా, నువ్వు చూసినప్పుడు నీకెంత వయసు?'' అని అడిగి నా నోరు మూయించింది. ఓ ఆదివారం మధ్యాహ్నం కలిసి చూశాం. నేను చెవి సీను దగ్గర తన ముఖం చూస్తూ కూర్చున్నాను. తను కదలలేదు. తను కదిలింది ఇంకోచోట.

ఆరెంజ్‌కు గుండు తగిలింది పోలీసుల వల్ల కాదు. పారిపోవడానికి దొంగలు అటుగా వస్తున్న ఓ కారు ఆపుతారు. నడుపుతున్నావిడ భయంతో తన తుపాకీ తీసి కాలుస్తుంది. కిందపడుతూనే ఆరెంజ్ తిరిగి కాలుస్తాడు. ఆవిడ అక్కడికక్కడే పోతుంది. పోలీసు చేతిలో ఓ మామూలు మనిషి చావు... కొన్ని సెకన్లే. కెమెరా కారుతో పాటు వెళ్లిపోతుంది. ఆరెంజ్ నొప్పికి సినిమా అంత చోటిచ్చిన దర్శకుడు ఆవిడకు ఇచ్చింది అంతే.

''ఆవిడ పేరేంటి నాన్నా?'' అంది అమ్మాయి.

సినిమాలో ఎవరూ చెప్పరు. సరే, చివర్లో పేర్లు పడేటప్పుడు చూద్దామన్నాను. పైకి పాకుతున్న అక్షరాలను తనే ఆపి, వేలు పెట్టి వెతికింది. దొంగలకైతే రంగుల పేర్లయినా ఉన్నాయి. ఆవిడకు వేసింది రెండే మాటలు... 'కాల్పులకు గురైన స్త్రీ'.