తాండూరులో పార్సిల్ తమ్ముడి కుర్చీ

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌లో డెలివరీ బాయ్స్‌కి వేరే లిఫ్ట్. తాండూరులో మా ఇంటికి పార్సిల్ తెచ్చే తమ్ముడికి మాత్రం అమ్మ వేసే కుర్చీ ఉంది, చెంబుడు నీళ్లు కూడా.

అరుగు నుంచి గచ్చు దాకా అంతా నాపరాయే మా ఊళ్లో. ఇంకోటి కందిపప్పు. 2022 డిసెంబర్‌లో దానికి జీఐ ట్యాగ్ వచ్చింది, ఊరికి వెళ్లిన ప్రతిసారీ నేను 5 కిలోలు మోసుకొస్తా. ఈసారి సంచి కట్టుకుంటుంటే తమ్ముడు బండి ఆపాడు.

'ఊళ్లో మనుషులు మంచోళ్లు' అని రాసేద్దామనుకున్నా. అప్పుడే అమ్మ, "పైసలు రేపిస్త బిడ్డా, ఇయ్యాల చిల్లర లేదు" అంది. అతను నవ్వి పార్సిల్ మళ్లీ బ్యాగులో పెట్టుకున్నాడు. అతనికి డబ్బులొచ్చేది చేతికిచ్చిన పార్సిల్‌కే. రెండోసారి వస్తే పెట్రోల్ అతనిదే. "అందరూ తెలిసినోళ్లే అన్నా, గట్టిగ అడగలేం" అన్నాడు.

నేను రాసేది డెలివరీ యాప్ కాదు గానీ, అలాంటి కోడే. అందులో ఇదంతా 'ఫెయిల్డ్' అనే ఒక్క మాట. ఇంటికి తాళం ఉందా, అమ్మ దగ్గర చిల్లర లేదా, దానికి తెలీదు.

వాళ్ల నాన్న పాలిషింగ్ యూనిట్‌లో బండలు కోసేవాడట. "దుమ్ముకు దగ్గు పట్టింది. కానీ ఆయనకు సేఠ్ తెల్సు, మొహం మీద అడిగేటోడు. నా సేఠ్ ఫోన్‌ల ఉంటడు."

పోయిన వానాకాలం బండల లారీ పక్కనుంచి పోతూ జారిపడ్డాడు. ముంజేయి విరిగింది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో గిగ్ వర్కర్లకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించిందని గుర్తుచేశా.

"అది సచ్చినోళ్ల ఇంటోళ్లకు కదన్నా. ఇరవై రోజులు ఇంట్ల కూసున్న, ఆ కూలి ఎవరిస్తరు?"

నీతి ఆయోగ్ 2022 నివేదిక 2020-21లోనే దేశంలో గిగ్ వర్కర్లు 77 లక్షలని చెప్పింది. ఆ లెక్క చదివినప్పుడు నాకు గచ్చిబౌలి, మాదాపూర్ ట్రాఫిక్కే కళ్ల ముందుకొచ్చింది. మా గల్లీ గుర్తే రాలేదు.

అతను బండి స్టార్ట్ చేస్తుంటే ఆపి స్కానర్ చూపించమన్నా. 349 రూపాయలు కట్టి పార్సిల్ తీసుకున్నా. చీర రంగు బాగాలేదట, అమ్మ వెంటనే అంది: "రేపు వాపస్ తీసుకపోతడా, అడుగు."

నేను అడగలేదు. చీర ఇంకా బీరువాలోనే ఉంది.